మాల తీసిన మర్నాడు

ప్రశ్న: నమస్తే అండీ. నాకు 46 ఏళ్లు. తెనాలిలో చిన్న హార్డ్‌వేర్ షాపు నడుపుతాను. పాతికేళ్లుగా సిగరెట్ అలవాటు ఉంది, రోజుకి ఎనిమిది నుంచి పది. ఇప్పటికి ఐదుసార్లు అయ్యప్ప మాల వేశాను. ఆ 41 రోజులు ఒక్కటి కూడా ముట్టను. తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం, చన్నీళ్ల స్నానం, గుడికి నడిచి వెళ్లి రావడం, మధ్యాహ్నం భిక్ష, రాత్రి ఫలహారం. ఒళ్లు ఎంత తేలిగ్గా ఉంటుందో చెప్పలేను. శబరిమల వెళ్లొచ్చి మాల తీస్తాను. వారం తిరిగేసరికి అన్నీ మామూలే. పోయినసారి మాల తీసిన మర్నాడు సాయంత్రం టీ కొట్టు దగ్గర ఫ్రెండ్ ప్యాకెట్ చాపాడు. నిజం చెప్తున్నాను, నాకు తాగాలని కూడా లేదు. చెయ్యి వెళ్లిపోయింది, అంతే. మొన్న షుగర్ టెస్టు చేయిస్తే హెచ్‌బీఏ వన్‌సీ 6.2 వచ్చింది. షుగర్ గీత మీద ఉన్నారు, నడవండి, సిగరెట్ మానండి అన్నారు డాక్టర్. మా ఆవిడ ఒక మాట అంది: "ఆ నలభై ఒక్క రోజుల మనిషి ఏడాదంతా మా ఇంట్లో ఉంటే ఎంత బాగుండు" అని. నవ్వుతూనే అంది గానీ నాకు గుచ్చుకుంది. నాకు విల్ పవర్ లేదంటారా? కార్తీకం ఇంకో నెలన్నరలో వస్తోంది. ఈసారి మాల వేయాలా వద్దా అని కూడా ఆలోచనగా ఉంది. వేసి, తీసి, మళ్లీ అదే దారి పడితే స్వామిని మోసం చేసినట్టు కాదా?
– పేరు వద్దండీ, తెనాలి

సమాధానం: ముందు మీ విల్ పవర్ లెక్క తేల్చేద్దాం. ఐదుసార్లు, 41 రోజుల చొప్పున, 205 రోజులు. చలికాలం, తెల్లవారకముందే చన్నీళ్లు. నేల మీద చాప. కాళ్లకి చెప్పుల్లేవు. రోజుకి పది సిగరెట్లు కాల్చే మనిషి 205 రోజులు ఒక్కటీ ముట్టలేదు. విల్ పవర్ లేనివాళ్ల లెక్క ఇలా ఉండదు. ఆ మాట ఇక పక్కన పెట్టేయండి.

నాకు అసలు సంగతి మీ ఆవిడ మాటలో దొరికింది. "ఆ 41 రోజులు చేసినట్టే ఏడాదంతా చేస్తే బాగుండు" అనలేదు ఆవిడ. "ఆ మనిషి" అన్నారు. మీరు అలవాట్ల గురించి ఇంత ఉత్తరం రాశారు, ఆవిడ ఒక్క ముక్కలో మనిషి గురించి చెప్పారు. నా ఓటు ఆవిడకే.

మాల పడే రోజు ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ముందు రోజు రాత్రి దాకా మీకో పేరుంది, షాపు బోర్డు మీద ఓనర్ అన్న హోదా ఉంది, ఫ్రెండ్స్‌లో ఓ స్థానం ఉంది. పొద్దున గురుస్వామి మెడలో మాల వేస్తారు. అక్కణ్నుంచి ఆ పేరు లేదు. మీ భార్య "స్వామీ" అంటుంది. పిల్లలు అంటారు. నిన్నటిదాకా "ఏరా" అన్న ఫ్రెండ్ అంటాడు. లారీలోంచి సరుకు దించే ముఠావాళ్లు అంటారు. అప్పు వసూలుకి వచ్చినవాడు కూడా "స్వామీ, కాస్త చూడండి" అంటాడు. రోజుకి ఎన్నిసార్లు వింటారు ఆ పిలుపు? వందసార్లు ఉండదూ?

అన్నట్టు, ఆ 41 రోజుల్లో మీరు సిగరెట్‌తో ఎన్నాళ్లు కుస్తీ పట్టారు? మొదటి మూడు నాలుగు రోజులు పట్టి ఉంటారు. ఆ తర్వాత ఆ ప్రశ్నే లేవలేదు, అవునా? స్వామి సిగరెట్ తాగడు. తాగాలా వద్దా అని బేరమాడే మనిషి ఆ 41 రోజులూ ఊళ్లోనే లేడు.

శబరిమలలో "తత్త్వమసి" అని రాసి ఉంటుంది, మీరు ఐదుసార్లు చూసే ఉంటారు. అది నీవే అని. వెతుక్కుంటూ కొండెక్కి వచ్చినవాడూ, ఎవరిని వెతుకుతున్నాడో ఆయనా ఒకటే అని పెద్దలు చెప్పే అర్థం. నాకు వేదాంతం అంత తెలియదు. భక్తిని చిట్కాగా మార్చే ఉద్దేశమూ లేదు. అలవాట్ల వైపు నుంచి చూస్తే మాత్రం, ఆ దీక్ష పద్ధతి పెట్టినవాళ్లకి మనుషుల సంగతి బాగా తెలుసు అనిపిస్తుంది. మనం పిల్లల్ని "ముందు నువ్వు మారు, అప్పుడు నిన్ను మంచివాడంటాం" అంటాం. వాళ్లు ముందే "స్వామీ" అనేశారు. మనిషి ఆ పిలుపుకి తగ్గట్టు నడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఇక మాల తీసే రోజు. ఒక్క పూటలో పిలుపు పోయింది, నల్లబట్టలు పోయాయి, గడ్డం పోయింది, పీఠం ఎత్తేశారు, రోజూ గుడి దగ్గర కలిసే స్వాములు ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. ఇల్లు ఖాళీ అయింది. ఖాళీ ఇంట్లోకి పాత కాపురస్తుడు తాళంచెవి పెట్టుకుని వచ్చేశాడు. ఆయన దగ్గర తాళంచెవి మీరు ఎప్పుడూ వెనక్కి తీసుకోలేదు కదా.

చెయ్యి దానంతటది వెళ్లిందన్నారు, నేను నమ్ముతాను. సిగరెట్ మానేసినప్పుడు వచ్చే చికాకు, నిద్ర పట్టకపోవడం, మనసు నిలవకపోవడం మొదటి రెండు మూడు రోజుల్లో బాగా ఎక్కువగా ఉంటాయి. మూడు నాలుగు వారాలకి చాలావరకు సద్దుమణుగుతాయి. అంటే 42వ రోజున మీ ఒళ్లు నికోటిన్ కోసం ఏడవడం లేదు. తాగాలని లేదని మీరే రాశారు. మరి ఎవరు తాగారు? ఆ కొట్టు, ఆ సాయంత్రం వేళ, ఆ ఫ్రెండ్, చాపిన ప్యాకెట్, ఇవన్నీ కలిసి పాత మనిషిని పేరు పెట్టి పిలిచాయి. ఆయన పలికాడు.

రోజుల లెక్క గురించి కాస్త చెప్పాలి. "21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుంది" అని మీరూ వినే ఉంటారు. అది ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిస్తే నవ్వొస్తుంది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని న్యూయార్క్‌లో ఒక ప్లాస్టిక్ సర్జన్ ఉండేవారు. ముఖానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అద్దంలో తమ కొత్త ముఖానికి అలవాటు పడాలంటే కనీసం 21 రోజులు పడుతోందని గమనించి 1960లో రాశారు. నోళ్లు మారేసరికి "కనీసం" ఎక్కడో రాలిపోయింది. నడక, నిద్ర, తిండి వాటికవే వచ్చి అంటుకున్నాయి. ఆయన చెప్పింది మాత్రం, అద్దంలో కనిపిస్తున్నది నేనే అని ఒప్పుకోవడానికి పట్టే కాలం గురించి. కొందరైతే ముక్కు చక్కగా కుదిరినా లోపల పాత ముఖాన్నే మోసుకు తిరిగేవారట. మీ కేసుకి ఇది దగ్గరగా లేదూ?

అలవాటు స్థిరపడే కాలాన్ని నిజంగా కొలిచినవాళ్లు ఉన్నారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని తీసుకుని, రోజూ ఒకే సందర్భంలో ఒక చిన్న పని చేయమంది. భోజనంతో ఒక పండు తినడం, రాత్రి భోజనానికి ముందు కాస్త పరుగెత్తడం, ఇలాంటివి. ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి కొందరికి 18 రోజులు చాలాయి, కొందరికి 254 పడతాయని అంచనా తేలింది. మధ్యస్థంగా 66. తినడం తాగడం లాంటివి త్వరగా కుదురుకున్నాయి, వ్యాయామానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

అయితే 41 చాలలేదు, 66 చేస్తే సరిపోతుంది అని నేను అనడం లేదు. 41 అన్నది ముగిసే తేదీ. ఇరుముడి కట్టకముందే మీ జేబులో తిరుగు టికెట్ ఉంది. కొండకే కాదు, పాత జీవితానికి కూడా.

అలాగని ఏడాదంతా మాల వేసుకోమనను. షాపు నడవదు, సంసారం నడవదు. ఆ మాలకి ఉన్న అర్థం వేరు. మీ మామూలు పేరుతో, ప్యాంటు చొక్కాలో, షాపు కౌంటర్ వెనక కూర్చున్నప్పుడు మీరెవరు? అది తేలాలి.

ఇక్కడ నా సంగతి చెప్తాను, నవ్వుకోండి. కొన్నేళ్ల కిందట టీలో పంచదార మానేద్దామనుకున్నాను. ఎవరింటికి వెళ్లినా "పంచదార వద్దండి, డాక్టర్ వద్దన్నారు" అనేవాణ్ని. "అయ్యో, ఒక్క చెంచాకి ఏం కాదులెండి" అని వేసేసేవాళ్లు. వాళ్ల తప్పు లేదు. వద్దన్నది డాక్టరు, నేను కాదు. అంటే నాకు కావాలి, ఎవరో ఆపుతున్నారు. పాపం అనిపించి వేసేవారు. ఒకసారి ఓ పెళ్లిలో, భోజనాలయ్యాక, నా పక్కనున్న కుర్రాడికి ఓ పెద్దాయన సిగరెట్ ఇవ్వబోయాడు. "నాకు అలవాటు లేదండి" అన్నాడు కుర్రాడు. పెద్దాయన చెయ్యి అప్పటికప్పుడే వెనక్కి వెళ్లింది. బతిమాలడం లేదు, "ఒక్కటే కదా" లేదు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. తర్వాతి ఇంట్లో "నేను పంచదార వేసుకోనండి" అన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇప్పుడెవరైనా పొరపాటున వేసిస్తే టీ తాగుతున్నట్టుండదు, పాయసం తాగుతున్నట్టుంటుంది.

ఈ మాటల్లో ఉన్న తేడా చిన్నది కాదు. "తాగకూడదు" అంటే నెత్తి మీద ఒక పోలీసు ఉన్నట్టు. "మానాలనుకుంటున్నాను" అన్నప్పుడు సిగరెట్ ఇంకా వేళ్ల మధ్యే ఉంది. "మానేశాను" అంటే "ఎన్నాళ్లయింది? చూద్దాంలే" అని వెంటనే పందెం కాస్తారు. "తాగను" అంటే అక్కడితో మాట అయిపోతుంది. 2012లో అమెరికాలో వెనెస్సా ప్యాట్రిక్, హెన్రిక్ హాగ్‌ట్‌వెట్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించి చూశారు. నోరూరించే తిండి కనిపించినప్పుడు కొందరిని "తినలేను" అనుకోమన్నారు, కొందరిని "తినను" అనుకోమన్నారు. వెళ్లేటప్పుడు ఏదో ఒకటి తీసుకోమంటే, "తినను" అనుకున్నవాళ్లలో ఎక్కువమంది చాక్లెట్ వదిలేసి ఆరోగ్యానికి మంచిదే తీసుకున్నారు.

పాతికేళ్లు కాల్చి ఇప్పుడు "అలవాటు లేదు" అంటే టీ కొట్టు వాళ్లు పడీ పడీ నవ్వరా అంటారు. నవ్వుతారు. అక్కడ "తాగను" చాలు. "అలవాటు లేదు" అన్న మాట కొత్తవాళ్ల దగ్గర వాడండి.

కానీ ఉత్త మాటలతో పని జరగదు. అద్దం ముందు నిలబడి "నేను ఆరోగ్యవంతుణ్ని" అని పదిసార్లు అనుకునే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. మన లోపల ఉన్నవాడూ వ్యాపారస్తుడే, సరుకు చూడందే నమ్మడు. డారిల్ బెమ్ అనే సైకాలజిస్టు ఏనాడో చెప్పారు: మన మనసు మనకే స్పష్టంగా తెలియనప్పుడు, బయటివాళ్లు మనల్ని అంచనా వేసినట్టే మనమూ వేసుకుంటాం, మనం చేసే పనులు చూసి. రోజూ అయిదింటికి ఒకాయన నడుచుకుంటూ వెళ్తుంటే ఎదురింటివాళ్లు "ఈయన పొద్దున్నే నడిచే మనిషి" అనుకుంటారు. కొన్నాళ్లకి ఆయన కూడా అదే అనుకుంటాడు.

మీ దగ్గర 205 రోజుల సరుకు ఉంది. దాన్నంతా తీసుకెళ్లి దీక్ష ఖాతాలో రాసేశారు. అది మాల మహిమ, నాదేముంది అని. మహిమ ఉండనీయండి. కానీ ఆ చన్నీళ్లు పడింది ఎవరి వీపు మీదండీ?

ఇప్పుడు నేను చెప్పేది కాస్త తిరగేసినట్టు ఉంటుంది. కార్తీకం దాకా ఆగకండి. ఈ నెలన్నరలోనే, మాల లేకుండానే, మీ సొంత పేరు మీద సిగరెట్ మానండి. ప్రతిసారీ మీరు మాలతో మానారు, మాలతో పాటే అదీ తీసేశారు. ఈసారి గురుస్వామి ముందు తల వంచేసరికే మీరు సిగరెట్ తాగని మనిషి అయి ఉండాలి. అప్పుడు మాల తీసినా తీసేది మాలనే.

ఇది కష్టం. దీక్షలో మీకు ఊరంతా కాపలా, ఇక్కడ ఎవరూ ఉండరు. కాబట్టి సాయం తీసుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. సిగరెట్ ప్యాకెట్ మీదే నంబర్ ఉంటుంది, 1800-11-2356, ప్రభుత్వానిది, ఫోన్ ఉచితం. మీ డాక్టర్‌ని నికోటిన్ గమ్ లాంటివి మీకు సరిపడతాయేమో అడగండి. సాయంత్రం టీ ఓ నెల రోజులు షాపుకే తెప్పించుకోండి. సిగరెట్లు తెచ్చిపెట్టే కుర్రాడు ఉంటే వాడికి ముందే చెప్పండి, "నేను అడిగినా తేవద్దు" అని కాదు, "నేను తాగనురా" అని. ఆ ఫ్రెండ్‌తో స్నేహం మానక్కర్లేదు. ఆయనకీ ఒకసారి ఆ ముక్క ఎదురుగా చెప్పేయండి. దీక్షలో ఉన్నప్పుడు మీ ముందు ప్యాకెట్ తీయడానికి మొహమాటపడిన మనిషే ఆయన.

దీక్షలోంచి ఇంకొక్క పని తెచ్చుకోండి. ఒక్కటే. నేనైతే గుడికి నడక ఎంచుకుంటాను. చెప్పులు వేసుకోండి, నాలుగున్నర కాకపోతే అయిదున్నర. రానూపోనూ అరగంట పడితే, వారంలో ఐదు రోజులకి 150 నిమిషాలు, డాక్టర్లు మామూలుగా చెప్పే లెక్క సరిపోయింది. హెచ్‌బీఏ వన్‌సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ ఇంకా రాలేదు, గుమ్మం దగ్గర నిలబడి ఉందని అర్థం. మీలాగే గీత మీద ఉన్న 531 మందిని చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మూడేళ్ల పాటు గమనించి 2006లో ఫలితాలు ప్రచురించింది. నడకా తిండీ మార్చుకున్నవాళ్లకి షుగర్ వచ్చే ముప్పు, మామూలు సలహా విని వెళ్లిపోయినవాళ్లతో పోలిస్తే, 28.5 శాతం తగ్గింది. మనవాళ్ల ఒంటితీరు మీద, మనవాళ్ల తిండి మీద తేలిన లెక్క ఇది. తిండి గురించి ఇప్పుడే పెద్దగా పెట్టుకోకండి. రాత్రి అన్నం తగ్గించి త్వరగా తినేస్తే ప్రస్తుతానికి చాలు. మూడు నెలలకి మళ్లీ టెస్టు చేయించుకోండి.

కొత్త బూట్లు కొని, వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెట్టడం మాత్రం వద్దు. నడవకుండానే నడిచిన గౌరవం వచ్చేస్తుంది, ఇక కాళ్లెందుకు కదుల్తాయి? ఇంకో రకం వాళ్లు ఉంటారు, నెల రోజులు నడిచి ఊళ్లో కనిపించినవాడికల్లా మిల్లెట్ల గురించి క్లాసు పీకుతారు. మీరు అలా అయితే మీ ఆవిడ పాత మనిషే నయం అంటుంది.

ఆవిడకి ఒక పని అప్పజెప్పండి. జేబులు వెతకడం, నోరు వాసన చూడడం కాదు, అది ఇద్దరికీ అవమానం. ఆవిడ నోట్లోంచి "మా ఆయన సిగరెట్ తాగరు" అన్న మాట నలుగురి ముందు రావాలి. మీరు వినేలా. "స్వామీ" అన్న పిలుపు చేసిన పనిలో కాస్తయినా ఆ మాట చేస్తుంది.

ఒకరోజు తప్పుతుంది. పెళ్లిలోనో, బాకీ మునిగిన రోజునో ఒకటి వెలిగిస్తారు. అప్పుడు లోపల్నుంచి పాత కాపురస్తుడు "చూశావా, నువ్వింతే" అంటాడు. సిగరెట్ కంటే ఆ మాట ప్రమాదం. ఒకటి తాగారు, అంతే. మర్నాడు పొద్దున మళ్లీ గుడి దారి పట్టండి. లండన్ లెక్కలో ఒక రోజు తప్పితే కొంప మునగలేదని చెప్పాను కదా. దీక్షలో నియమం తప్పితే గురుస్వామిని అడగాలి, ఇక్కడ అడగడానికి ఎవరూ లేరు.

చివరికి మీ ప్రశ్న, మాల వేయాలా వద్దా అని. అది మీకూ మీ గురుస్వామికీ మధ్య సంగతి, నేను తీర్పు చెప్పకూడదు. మోసం అన్న మాటకి మాత్రం నేను ఒప్పుకోను. ఐదుసార్లు మీరు ఆయన దగ్గరికి వెళ్లింది నిజం. నన్నడిగితే వేయండి అంటాను. ఈవేళ మొదలుపెడితే మాల పడేసరికి 45 రోజులు, ఆ పైన 41, మొత్తం 86.

మాల తీసిన మర్నాడు సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆ ఫ్రెండ్ అలవాటు కొద్దీ ప్యాకెట్ చాపుతాడు. ఆయన లెక్కలో అది 42వ రోజు, మీ లెక్కలో 87. ఏమైందో సంక్రాంతికి ఓ ఉత్తరం రాయండి. మీ ఆవిడ చేత రాయిస్తే మరీ మంచిది.